పన్నెండో కుర్చీ

జాయిస్ మిరపకాయల మీదే పడిపోయింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. కుప్ప పక్కన గొంతుక్కూర్చుని తొడిమలు తీస్తున్న పిల్ల అలాగే ముందుకు ఒరిగి, ఎర్రటి తేజ రకం కాయల్లో మొహం పెట్టి ఉండిపోయింది. కునుకు పట్టిందనుకుని పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది. పిల్ల కదల్లేదు.

పుష్పవతి తట్ట వదిలేసి పరుగెత్తింది. ఆ ఆడవాళ్ల ముఠాకి ఆమే మేస్త్రి. జాయిస్ ఆమె అక్క కూతురు, పెళ్లయి ఏడాది తిరగలేదు. పిల్లని వెల్లకిలా తిప్పి, మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి, తల ఒళ్లోకి తీసుకుంది. ఎవరో చెంబుతో నీళ్లు అందించారు. స్పృహ వచ్చీ రాకముందే జాయిస్ పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపింది.

"తాగవే తల్లీ," అంది పుష్పవతి.

"వద్దు పిన్నీ. తాగితే మళ్లీ పోవాల."

అక్కడున్న ఆడవాళ్లెవరికీ ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. నందిగామ శివార్లలో, హైవే పక్కనున్న ఆ కోల్డ్ స్టోరేజీ యార్డులో బాత్రూమ్ లేక కాదు. ఆఫీసు గది వెనక, తెల్ల టైల్స్ పరిచినది ఒకటుంది. దానికి తాళం. తాళంచెవి గుమాస్తా జేబులో. కాయ తెచ్చే రైతుకి తీస్తాడు, కొనే వ్యాపారికి తీస్తాడు. పొద్దస్తమానం తొడిమలు తీసే ఆడవాళ్లు మాత్రం గోడ దాటి సుబాబుల్ తోట చాటుకి పోవాలి. తోటకి ఆనుకునే లారీలు ఆగుతాయి. డ్రైవర్లు ఈలలు వేయడం పాత సంగతి. ఈమధ్య ఫోన్లు పైకెత్తుతున్నారు. అందుకని పొద్దున ఇంట్లో తాగిన టీ చుక్కతోనే చీకటి పడేదాకా గొంతు ఎండగట్టుకుంటారు. పైన ఎండ, కింద మిరపకాయ, లోపల చుక్క నీరు లేదు. మనిషి పడిపోక ఏం చేస్తుంది?

గుమాస్తా తీరుబడిగా వచ్చి చూశాడు. "వడదెబ్బలే. నీడన పడుకోబెట్టండి. మిగతావాళ్లు కానివ్వండమ్మా, సాయంత్రానికి లోడు కదలాలి."

"ఆ తాళంచెవి ఇట్టా ఇవ్వండి బాబూ. పిల్లని లోపలికి తీసుకుపోతా," అంది పుష్పవతి.

"అది మీకు కాదు. ఇవాళ ఒకళ్లకిస్తే రేపు అందరూ మొదలెడతారు. గలీజు చేసి పోతారు. షావుకారుగారు నన్నంటారు."

గలీజు అనే మాట దగ్గర పుష్పవతికి ఒళ్లు మండింది. వాళ్లు ఏరి, తాలు కాయ తీసి, తొడిమ తీసి పోసిన కాయ సముద్రాలు దాటి పోతుందట. దానికి గలీజు అంటదు. వాళ్ల కాలు తగిలితే టైల్స్‌కి అంటుతుంది. జాయిస్ని ఇద్దరికి అప్పగించి, వెనక్కి వచ్చి, తన తట్టలో ఉన్న కాయని మళ్లీ కుప్పలో గుమ్మరించింది. తట్ట బోర్లించి పక్కన పెట్టింది. ఒకరిని చూసి ఒకరు, ముఠా అంతా తట్టలు బోర్లించారు. ఎండలో ఆ చప్పుడు గుమాస్తాకి చాలాసేపు వినబడి ఉంటుంది.

*

మర్నాడు మ్రానికొమ్మల ఆదివారం. చిల్లకల్లు దాటాక లోపలికి ఉన్న వాళ్ల పల్లెలో, ఖర్జూరపు మట్టలు పట్టుకుని గుడి చుట్టూ తిరిగి వచ్చాక, విచారణ గురువు ఫాదర్ థామస్ ప్రసంగం మొదలుపెట్టారు. ఆయనది మంచి గొంతు. వయసు నలభై లోపే. అంతకుముందు వచ్చిన గురువులు ప్రసంగంలో మోక్షం గురించి చెప్పేవారు. ఈయన వచ్చాక ఆదివారం సాయంత్రాలు అరుగు మీద క్లాసు పెట్టి, కూలి గురించి, ఓటు గురించి, భూమి గురించి కథోలిక తిరుసభ ఏం చెప్పిందో విడమరిచి చెబుతున్నారు. పుష్పవతి ఒక్క క్లాసు తప్పలేదు. పోపుగార్లు కూలివాళ్ల గురించి రాశారంటే మొదట ఆమె నమ్మలేదు. నమ్మాక మాత్రం ఆ మాటలు కడుపులో పెట్టుకుంది.

"పని కోసం మనిషి పుట్టలేదు. మనిషి కోసం పని పుట్టింది," అన్నారు ఫాదర్. "ఇది కమ్యూనిస్టుల మాట అనుకునేరు, మన తిరుసభ మాట. మన ఆడపడుచు ఒకామె నిన్న యార్డులో పడిపోయింది. ఎందుకు? నీళ్లు తాగడానికి భయపడి. రేపు ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి ఎవరొచ్చినా, మా ఆడవాళ్లకి మరుగు ఉందా అని అడగండి. అందరి మేలు అంటే ఎక్కువమంది మేలు అని కాదు. వరసలో ఆఖరున నిలబడ్డ మనిషికి అందిందా లేదా, అదీ లెక్క."

పుష్పవతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మాట, తన పిల్ల సంగతి, పీఠం దగ్గర్నుంచి వినబడటం ఆమె ఎరగదు.

పూజ అయ్యాక ఫాదర్ ఇంకో కబురు చెప్పారు. పవిత్ర గురువారం నాడు గురువు పన్నెండుమంది పాదాలు కడుగుతారు, ప్రభువు తన శిష్యులకి కడిగినట్టు. ఏటా ఆ పన్నెండు కుర్చీల్లో సంఘం పెద్దలే కూర్చునేవారు, ఉతికిన పంచెలు కట్టుకుని, కాళ్లు ఇంట్లోనే శుభ్రంగా కడుక్కుని మరీ. ఈసారి మిరప యార్డు ఆడవాళ్లు పన్నెండుమంది కూర్చుంటారని, మొదటి పేరు పుష్పవతిదని ఫాదర్ ప్రకటించారు.

సంఘం పెద్ద రత్నబాబు గొంతు సవరించుకున్నాడు. "ఆడవాళ్లని కూర్చోబెట్టొచ్చాండీ?"

"పోపుగారే కూర్చోబెట్టారు రత్నబాబూ. మీకు అభ్యంతరమైతే రోముకి రాయండి."

గుడంతా నవ్వింది. రత్నబాబు కూడా నవ్వాడు, ఏం చేస్తాడు మరి.

*

సీజన్లో ముఠా ఆగిపోతే ఏమవుతుందో షావుకారు వీరరాఘవయ్యకి తెలియంది కాదు. యార్డు నిండా కాయ పోసి ఉంది, తీసే చేతులు లేవు. బయటి ముఠాలన్నీ అప్పటికే పనుల్లో ఉన్నాయి. దానికితోడు ఆయన జడ్పీటీసీకి నిలబడుతున్నాడు. పల్లెలో ఓట్లు ఆయనకి కావాలి. మంగళవారం పొద్దున్నే గుమాస్తా పుష్పవతికి ఫోన్ చేశాడు, గొంతులో గలీజు గిలీజు ఏమీ లేకుండా.

"పుష్పవతమ్మా, షావుకారుగారు నీతో ఒకసారి మాట్లాడతారంట. పేటలో ఇంటి దగ్గరే ఉంటారు. బండి పంపమంటావా?"

జాయిస్ పక్కనే మంచం మీద కూర్చుని ఉంది. జగ్గయ్యపేట ఆస్పత్రిలో ఎక్కించిన సెలైన్ సూది గుర్తు ఇంకా చేతి మీద ఉంది. "పో పిన్నీ, నువ్వే అడుగు," అంది లోగొంతుకతో.

పుష్పవతి ఫోన్లో ఇలా అంది: "మా ఫాదర్‌గారు వస్తారండి మాట్లాడటానికి."

ఆ పల్లె అలవాటు అది. తాతల కాలం నుంచీ అంతే. పోలీసు స్టేషనుకి పోవాలన్నా, ఆసామి ఇంటి ముందు నిలబడాలన్నా, ముందు ఫాదర్‌గారి తెల్ల అంగీ నడవాలి, వెనక వాళ్లు నడవాలి. తెల్ల అంగీ చూస్తే అవతలివాడు కుర్చీ వేస్తాడు. ఊరికే పోతే గేటు దగ్గర నిలబెడతాడు. అందుకని నోరున్న మనిషి కూడా నోరు ఫాదర్‌గారికి అప్పజెప్పి ఊరుకుంటుంది. పుష్పవతి అంతకంటే తెలివైన పని చేయగలిగేదే. చేయలేదు. ఆయన్ని నమ్మింది, అంతే.

బుధవారం ఫాదర్ మోటార్ సైకిల్ మీద పేటకి వెళ్లారు. ముఠా ఆడవాళ్లంతా గుడి అరుగు మీద జపమాల చెబుతూ కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా బండి చప్పుడు వినిపించింది. ఫాదర్ మొహం వెలిగిపోతోంది.

"శుభవార్త," అన్నారు బండి దిగకుండానే. "సమాధుల తోటకి దారి ఇచ్చారు. ఆయన చేలో గట్టు పక్కనుంచి, బండి పోయేంత దారి. మెరక మట్టి కూడా తోలిస్తానన్నారు."

ఒక్కసారిగా పల్లె అంతా అక్కడికి చేరింది. వానాకాలంలో శవాన్ని మోసుకుని వాగు చుట్టూ తిరిగి, మొలలోతు నీళ్లలో దిగి పోవడం ఆ పల్లెలో ఎవరింటికీ తప్పలేదు. ముసలాళ్లు చేతులెత్తి దండం పెట్టారు. రత్నబాబు వెళ్లి గుడి గంట కొట్టాడు. ఆ సంతోషంలో ఎవరికీ గుర్తు రాని సంగతి జాయిస్‌కి గుర్తొచ్చింది.

"తాళం సంగతేమన్నారండీ?"

ఫాదర్ హెల్మెట్ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "ఎలక్షన్లు అయ్యాక చూస్తానన్నారమ్మా. అన్నీ ఒకేసారి రావు. గుడ్ ఫ్రైడే కానిచ్చి శనివారం నుంచి పనిలోకి వెళ్లండి."

పుష్పవతి అరుగు దిగింది. "వరసలో ఆఖరు మనిషి అన్నారు గదండీ, ఆదివారం."

"చచ్చిపోయినవాళ్లకంటే ఆఖరున ఎవరున్నారు పుష్పవతీ?" అన్నారు ఫాదర్, మెల్లగా, నవ్వుతూ. "మీ అత్తగారిని వాగులో ఎలా మోసుకెళ్లామో మర్చిపోయావా? ఇది అందరి మేలు."

ఆమె మర్చిపోలేదు. కానీ ఆయన ఆ మాట అంటూ తన కళ్లలోకి చూడకపోవడం ఆమె గమనించింది.

*

మిగిలిన కబురు గురువారం పొద్దున రత్నబాబు మోసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని, చివరికి చెప్పాడు.

"ఈ సీజను నువ్వు యార్డుకి పోకపోతే మంచిదంటన్నారు పుష్పవతీ. ముఠాని వేరే ఆమె చూసుకుంటదిలే."

"ఎవరన్నారు?"

"అక్కడ అనుకున్నారంట. నాకేం తెలుసు, ఫాదర్‌గారు చెప్పమంటే చెబుతున్నా. ఇంకోటి. సాయంత్రం షావుకారుగారు గుడికొస్తున్నారు. దారి ఇచ్చారు గదా, మర్యాద చెయ్యాల. పన్నెండో కుర్చీ ఆయనకిద్దామన్నారు. నువ్వు కింద చాప మీద కూర్చో, ఏమనుకోకు."

"మొదటి పేరు నాదన్నారు గదా. పన్నెండోది ఎట్టా అయింది?"

రత్నబాబు చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. పనివాళ్లని మాన్పించడానికి గుమాస్తా వస్తాడు. ఈమెని మాన్పించడానికి గుడి నుంచి మనిషి వచ్చాడు. పుష్పవతికి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు, ఇరుగుపొరుగు చూస్తున్నారేమోనని తలుపు దగ్గరికి వేసుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని వాళ్లమ్మ అనేది. నమ్మినవాళ్లకి సిగ్గెందుకు, ఆ సిగ్గు పుచ్చినవాళ్లది కదా అని ఆమెకి మధ్యాహ్నానికి గానీ తట్టలేదు. తట్టాక లేచి స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని గుడికి వెళ్లింది.

పన్నెండు కుర్చీలు రెండు వరసలుగా వేశారు. పదకొండింట్లో ముఠా ఆడవాళ్లు ఒదిగి ఒదిగి కూర్చున్నారు, కుర్చీలో కూర్చోవడమే నేరమైనట్టు. జాయిస్ పుష్పవతి కోసం వెతికి, చాప మీద చూసి, లేవబోయింది. కూర్చోమని పుష్పవతి చేత్తో సైగ చేసింది. పన్నెండో కుర్చీ మీద మెత్త వేశారు. వీరరాఘవయ్య వచ్చి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. పెద్దమనిషే, దర్పం చూపలేదు. వెంట వచ్చిన కుర్రాళ్లు మాత్రం ఫోన్లు పట్టుకుని పీఠం దాకా వెళ్లిపోయారు.

ఫాదర్ పైవస్త్రం తీసి, నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్లెం, చెంబు పట్టుకుని వంగారు. ఒక్కొక్కరి దగ్గరా మోకాళ్లూని, కాలి మీద నీళ్లు పోసి, తుడిచి, ముద్దు పెట్టుకున్నారు. మిరప ఘాటుకి పగిలి, గోళ్లలో ఎర్రబారిన కాళ్లు అవి. పాట సాగుతోంది. పన్నెండో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్లు ఫాదర్‌ని కాస్త ఇటు తిరగమన్నారు, వెలుతురు కోసం. ఫాదర్ తిరిగారు. షావుకారు మెత్తటి పాదం చేతుల్లోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, ముద్దు పెట్టుకున్నారు.

పుష్పవతి లేచి వరండాలోకి వచ్చేసింది.

*

పూజ అయ్యేదాకా షావుకారు ఉండలేదు. ఆయనకి ఇంకో ఊళ్లో మీటింగు ఉంది. చెప్పుల కోసం వరండాలోకి వచ్చి, స్తంభం దగ్గర నిలబడ్డ మనిషిని చూసి ఆగాడు.

"పుష్పవతమ్మవే కదూ? ఏంటమ్మా, పని మానేస్తున్నావంట? నీలాంటి మేస్త్రి నాకెక్కడ దొరుకుతుంది?"

"మీరే వద్దన్నారంట గదండీ."

"నేనా?" వీరరాఘవయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సీజన్లో మేస్త్రిని వద్దనడానికి నాకేం పిచ్చా? నువ్వుంటే మళ్లీ ఆ తాళం గొడవ ఎత్తుతావు, గొడవైతే దారి కూడా ఆగిపోతుందని మీ ఫాదర్‌గారే అన్నారు. సరే, వారి మనుషులు, వారిష్టం అనుకున్నా."

పుష్పవతి ఒక అడుగు ముందుకు వేసింది. "తాళం ఎలక్షన్లయ్యాక ఇస్తానన్నారంట."

"అదీ చెబుతా విను. ఆ తాళంచెవి నేను ఇచ్చేద్దామనే పిలిపించా. కాయ యార్డులో పాడవుతుంటే బాత్రూమ్ గదికోసం పట్టుబడతానా? మీ ఆడవాళ్లు నన్ను గట్టిగానే బిగించారు, ఒప్పుకోవాలి. నేను ఆ మాట అనేలోపే మీ ఫాదర్‌గారు, అది తర్వాత చూద్దాం, ముందు దారి ఇవ్వండి, ఆడవాళ్లని నేను పనిలోకి పంపుతా అన్నారు. నాకేం, చేను గట్టు పక్కన నాలుగు బారలు." చెప్పులో కాలు పెట్టి నవ్వాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత ఊరికే రాలేదు. నేను దేవుణ్నని కాదనుకో."

"అయితే ఇప్పుడివ్వండి."

"ఇప్పుడెట్టా తల్లీ? అన్నీ మాట్లాడేసుకున్నాం. రెండూ ఇవ్వాలంటే నాకూ కష్టమేగా." కారు తలుపు ఎవరో తీసి పట్టుకున్నారు. ఆయన మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పుష్పవతి అక్కడే నిలబడిపోయింది. ఎండలో కూర్చుని, పని పోతుందని తెలిసీ తట్టలు బోర్లించింది ముఠా ఆడవాళ్లు. షావుకారుని వంచింది వాళ్లు. ఆ వంచినదాన్ని మధ్యలో తీసుకుని, వాళ్లకి చెప్పకుండా ఇంకోదానికి మార్చేసుకున్నది ఫాదర్. షావుకారు మీద ఆమెకి అంత కోపం లేదు. ఆయన దగ్గర ఏం ఆశించాలో ఎప్పుడూ తెలుసు.

పూజ ముగిశాక, పూజవస్త్రాలు మార్చుకునే గదిలోకి ఆమె నేరుగా వెళ్లింది. ఫాదర్ ఒక్కరే ఉన్నారు. ఆమె మొహం చూడగానే ఆయనకి అర్థమైంది. దాచే ప్రయత్నం చేయలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

"చెప్పేశాడా?"

"చెప్పాడు."

"కూర్చో పుష్పవతీ."

ఆమె కూర్చోలేదు. ఫాదర్ తలుపు దగ్గరగా వేసి వచ్చి, బల్లకి ఆనుకున్నారు. "ఇంతకుముందు గురువులంతా అడిగి అడిగి పోయారు ఆ దారి కోసం. ఆయనకి మన అవసరం పడిన రోజు మళ్లీ రాదు. తాళం ఈ సీజనుకి. దారి పిల్లల పిల్లలకి కూడా. నీకు చెబితే ఒప్పుకోవనే చెప్పలేదు. నీ మీద గౌరవం లేక కాదు."

"ఒప్పుకునేదాన్నేమో ఫాదర్‌గారూ. అడిగితే కదా."

ఆయన తల వంచుకున్నారు.

"చచ్చిపోయినోళ్లు ఆఖరు వరస అన్నారు. నిజమే. కానీ వాళ్లకి తొందరేముంది?" అంది పుష్పవతి. "మా జాయిస్‌కి ఎల్లుండి శనివారం పొద్దున్నించే తొందర. మీ క్లాసుల్లో ఇదంతా నాకు చెప్పింది మీరే. మీరు చెప్పకపోతే ఆ తట్ట నేను బోర్లించేదాన్నే కాదు. ముఠాని ఎప్పట్లాగే సుబాబుల్ తోటకి పంపేదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పంపమంటారు?"

ఫాదర్ మూలనున్న పళ్లెం తీసి ఆమె ముందు నేలమీద పెట్టారు. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. తువ్వాలు భుజాన వేసుకుని, మోకాళ్ల మీద కూర్చున్నారు. "తప్పు చేశాను. నీ కుర్చీ నీకే ఉండాల్సింది. కాళ్లు ఇటు పెట్టమ్మా, కడుగుతా."

ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి దొంగ నీళ్లు కావని పుష్పవతికి తెలుసు. అది తెలియడం వల్లే ఆమెకి ఇంకా బాధేసింది. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నా కుర్చీ తీసింది అందరి ముందూ ఫాదర్‌గారూ," అంది. "కడిగేది తలుపేసుకునా?"

ఆయన చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పుష్పవతి తలుపు తెరిచి, వారగా కాదు, బార్లా తెరిచి, బయటికి నడిచింది.

గుడి మెట్ల మీద పదకొండుమందీ కూర్చుని ఉన్నారు. ఇళ్లకి పోలేదు. జాయిస్ లేచి ఎదురొచ్చింది. పుష్పవతి కింది మెట్టు మీద కూర్చుని, షావుకారు అన్నదీ, ఫాదర్ అన్నదీ, కలపకుండా తీయకుండా చెప్పింది. కాసేపు ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఒకామె ఇప్పుడే కడిగిన తన పాదాల వంక చూసుకుని, చీర అంచు వాటి మీదికి లాక్కుంది.

"మరి శనివారం?" అడిగింది జాయిస్.

"ఆటో వస్తే ఎక్కుదాం. నేనూ వస్తా. గేటు లోపలికి పోయేదానికన్నా ముందు తాళంచెవి అడుగుదాం. ఇస్తే పని, లేకపోతే అక్కడే కూర్చుందాం. ఇయ్యాలని ఆయనకి ఒకసారి అనిపించింది గదా, ఇంకోసారి అనిపిస్తుందిలే."

"ఫాదర్‌గారికి ఒక మాట చెప్పి..." అలవాటు కొద్దీ అనబోయింది వెనక మెట్టు మీది ఆమె.

"ఆయనకి చెప్పొద్దు," అంది పుష్పవతి. "మన నోరు మనకాడే ఉండనీ."

ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపు ఆగలేదు. మిరప రోజుల్లో కళ్లు చేత్తో తుడుచుకోవడం ఎవరికీ కుదరదు, మంటకి చూపు పోయినంత పనవుతుంది. పనిలేని వారం కదా, చేతులకి ఘాటు లేదు. రెండు చేతులతోనూ కళ్లు ఒత్తుకుని ఏడ్చింది.